డోలు ఆగినప్పుడు

బరంపురం వెళ్లొచ్చానంటే మా తెనాలిలో అందరూ ముందు పట్టుచీర గురించి, తరవాత అప్పడాల గురించి అడుగుతారు. చీర కొనలేదు. అప్పడాలు తెచ్చి పంచిపెట్టాను. ఇంత ఎండల్లో ఎందుకెళ్లావని అడిగినవాళ్లకు మాత్రం ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. మీరు ఎప్పుడైనా చైత్రంలో గంజాం జిల్లా వైపు వెళ్లేట్టయితే గొడుగు, నీళ్ల సీసా తీసుకెళ్లండి. నోరు మాత్రం ఇంట్లో పెట్టి తాళం వేసి వెళ్లండి. నేను దాన్ని వెంట తీసుకెళ్లాను.

వెళ్లింది మా తమ్ముడు సత్యం కోసం. వాడు ఇల్లరికం వెళ్లి, బరంపురం బడా బజార్లో మామగారి అప్పడాల దుకాణం చూసుకుంటూ అక్కడే స్థిరపడ్డాడు. షుగరు జబ్బుంది. మందులు మానేసి, చెప్పులు వదిలేసి, ‘దండ’ కట్టి ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాడని మరదలు పార్వతి ఫోన్ చేసింది. దండ అంటే ఏమిటో నాకు తెలియదు. షుగరు మనిషి చైత్రం ఎండలో చెప్పుల్లేకుండా తిరిగితే ఏమవుతుందో తెలుసు.

“ఎలగైనా ఎనక్కి తెండి వదినా. మీ మాటైతే ఇంటాడు,” అంది పార్వతి.

నా మాట వింటారని ఎవరైనా అంటే నాకు లోపల కొంచెం పొంగుతుంది. ఆ సాయంత్రమే పెట్టె సర్దేశాను.

గిరిసోలలో ఆగిన బండి

ఇచ్ఛాపురం దాటాక గిరిసోల స్టేషన్లో బండి ఊరికే నిలబడిపోయింది. ఆంధ్రా అయిపోయి ఒడిశా వచ్చిందని బోర్డు మీద లిపి చెబుతోంది. ప్లాట్‌ఫారం మీద మాటలు మాత్రం ఇంకా శ్రీకాకుళంలోనే ఉన్నాయి. నా ఎదుట కూర్చున్నావిడ జీడిపిక్కలు కాల్చి కొట్టిన పప్పు సంచిలోంచి తీసి నా చేతిలో పోసింది. డబ్బులు తీసుకోలేదు. ఎక్కడికని అడిగితే చెప్పాను. దండ అనగానే ఆవిడ రెండు చేతులూ జోడించింది.

“మా పెనిమిటి కూడా కట్టినాడమ్మా, ఒక ఏడు. దేముడి మొక్కది. ఇల్లు ఒదిలేసి జట్టుతో ఊళ్లు తిరగాల. పెళ్లాం ముట్టుకోకూడదు. మద్దినేళ కాలిపోతున్న దుమ్ములో పడుకోని దున్నినట్టు, నాట్లేసినట్టు ఆడాల. సాయంత్రం నీట్లో. ఒక్క పూటే తిండి.”

“ఆ ఒక్కపూటైనా కడుపునిండా తింటారా?”

“తింటే తిన్నట్టు. తిన్నంతసేపూ పక్కన డోలు వాయిస్తానే ఉంటారు. మనిసి మాట సెవిన పడకూడదు. పడిందా, ముద్ద ఒదిలేసి సెయ్యి కడుక్కోవాల. మరి మర్నాడే అన్నం.”

“కాకి అరిచినా?”

“కాకైనా, కుక్కైనా. అందుకేగదా డోలు.”

నాకు నవ్వొచ్చింది. ఈ నియమం మా ఇంట్లో ఉండి ఉంటే మా చిన్నప్పుడు ఎవరమూ అన్నం తినేవాళ్లం కాదు. మా నాన్నకు గొంతు సరిగ్గా భోజనాల దగ్గరే లేచేది. ముందు ఒకసారి గొంతు సవరించుకునేవాడు, తరవాత మొదలెట్టేవాడు. ఎక్కువగా సత్యానికే పడేవి. “చాలు, లే,” అనేవాడు. వాడు సగం కంచం దగ్గర్నుంచి లేచి వెళ్లి దొడ్లో నిలబడేవాడు. నేను నా కంచంలోకి చూసుకుంటూ తినేదాన్ని.

ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. బండి కదిలింది.

బడా బజార్

బడా బజార్లో దుకాణాలు కిందా, ఇళ్లు పైనా. సందు మొదట్లోనే ఇంగువ వాసన ముక్కుకు తగిలింది. మెట్లెక్కితే డాబా నిండా అప్పడాలు ఆరబోసి ఉన్నాయి, నడవడానికి అంచున జానెడు దారి. పార్వతి తెల్లారే టిఫిను తెప్పించింది. మనవైపు గారెకు చట్నీ ఇస్తారు కదా, ఇక్కడ బరా అని ఇచ్చి దాని మీద వేడి వేడి బఠాణీ కూర, ఘుగుని, గుమ్మరిస్తారు. ముప్పై రూపాయలకు ఇద్దరికి సరిపోతుంది. మొదటి ముద్దకు వింతగా ఉంది, మూడో ముద్దకు ఇంకొంచెం పొయ్యమన్నాను.

మేనకోడలు హరిణి నా పక్కన కూర్చుని తింటోంది. నాలుగో తరగతి. కుడి కనుబొమ్మ మీద కొత్తగా మానిన గాటు. ఏమైందే అంటే పిల్ల తల్లివైపు చూసింది. తల్లి పిల్లను నీళ్లు తెమ్మని లోపలికి పంపింది.

“మాఘమాసంలో వదినా. సరుకు తప్పు పంపినారని ఎవరి మీదో కోపం. టీ గ్లాసు గోడకేసి కొట్టినాడు. గోడకే ఇసిరినాడు, గుంట మీదికి కాదు. పెంకు ఒచ్చి తగిలింది.”

“తరవాత?”

“కుట్లేసినారు, మానిపోనాది. అది కాదు వదినా. అప్పటి నుండి ఈయన గదిలోకొస్తే గుంట లేసి ఎల్లిపోతాది. గోలెట్టదు, ఏడవదు. లేసి ఎల్లిపోతాది, అంతే. అది సూసి సూసి ఈయన ఒక రోజన్నాడు, నా లోపలున్న ఆ మనిసిని మాడ్సేసి ఒస్తానని. మా అమ్మమ్మగారి ఊరి దండలో కలిసిపోనాడు.”

ఈ మధ్య మా యోగా క్లాసుకు ఒకావిడ వచ్చి ఉపన్యాసం ఇచ్చింది. మీలో మీకు నచ్చని మనిషి ఒకరుంటారు, వాళ్లను గెంటెయ్యకండి, కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడండి అని. అందరూ తలలూపారు. నాలో నాకు నచ్చనివాళ్లెవరూ లేరని నేను లేచి చెప్పాను. క్లాసు నవ్వింది. మా నాన్న కోపం సత్యానికి వచ్చిందని, నాకు ఆయన ఒడ్డూ పొడుగూ మాత్రమే వచ్చాయని నా నమ్మకం. బడిలో పాఠాలు చెప్పిచెప్పి గొంతు పెద్దదైందని అందరూ అనేవారు. అది వృత్తివల్ల వచ్చిందనుకునేదాన్ని.

పార్వతి మాత్రల పొట్లం నా సంచిలో పెట్టింది. అన్నానికి ముందు వేసుకోవాల్సినవి.

భంజనగర్ దారిలో

భంజనగర్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే అదృష్టం అనుకున్నాను. ఎండ అటే ఉంది. ఆస్కా దగ్గర ఋషికుల్య నది దాటాం. నది అనడానికి ఇసుకే ఎక్కువ, మధ్యలో సన్నటి నీటి చార. భంజనగర్లో దిగేసరికి కళ్లు తిరుగుతున్నాయి. బస్టాండు ఎదురుగా పూటకూళ్ల హోటలు, బయట బోర్డు మీద పెద్ద అక్షరాలతో పఖాళ. అంటే మన చద్దన్నమే. మనింట్లో పొద్దున్నే తిని, ఎవరైనా వస్తే గిన్నె మూత వేసేస్తాం. ఇక్కడ పెద్ద ఉద్యోగుల్లాంటివాళ్లు కూడా చొక్కా చేతులు మడిచి దర్జాగా తింటున్నారు. పక్కన వేయించిన ఆకుకూర, నలిపిన వడియాల పొడి, పచ్చిమామిడి ముక్క. నీళ్లతో సహా తాగేశాక గానీ మళ్లీ మనిషిని కాలేదు.

వడ్డించేవాడు నాకేసి చూసి, కాస్త తెలుగులో, “మేడం, మీరు మాటాడితే రోడ్డు అవతల దాకా ఇనిపిస్తాది,” అన్నాడు. మెచ్చుకున్నాడనే అనుకుని నవ్వాను.

దండ దిగిన ఊరు

ఊరి పేరు రాయను. భంజనగర్ నుంచి ఆటోలో వెళ్లేంత దూరం. మొక్కున్న ఒకరి ఇంటి ముందు ఆ రోజు దండ దిగింది. నడుముకు ఎర్రగుడ్డలు, చేతుల్లో బెత్తాలు, గడ్డాలు పెరిగిన మొహాలు. రైతులూ కూలీలూ, ఒక బ్యాంకు గుమాస్తా, మా తమ్ముడు. వాళ్లలో వాడిని గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. మనిషి సగమయ్యాడు.

“అక్కా, ఎందుకొచ్చినావు ఇంత ఎండలో?”

వాడి మాటలోంచి తెనాలి ఎప్పుడో పోయింది. కూర్చోబెట్టి కాళ్లు చూశాను. అరికాళ్లు బీటలు. ఎడమకాలి చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య చర్మం నల్లబడి, నీరు కారుతోంది.

“నొప్పి లేదక్కా.”

“నొప్పి లేకపోవడమేరా జబ్బు. పద, ఆసుపత్రికి.”

“పణా సంక్రాంతి దాకా ఆగు, ఆ రోజుతో దండ అయిపోతాది. ఇంక వారమే గదా. మధ్యలో ఎలగొస్తాను?”

పెద్ద భోక్త, అంటే జట్టు పెద్ద, ముసలాయన. మందు వేసుకుంటే దోషం లేదన్నాడు. నేను మాత్ర తీసి సత్యం అరచేతిలో పెట్టాను. వద్దన్నాడు. నేను నించున్నాను. గొంతు పెంచాను. చుట్టూ ఉన్నవాళ్లు ఇటు తిరిగారు.

“నీ కోసం యేసుకుంటాను. మరి నువ్వు బేగి ఎల్లిపో అక్కా,” అని మింగాడు.

నేను వెళ్లలేదు. వాళ్లు స్నానాలు చేసి, వాళ్లు వండుకున్న పెసరపప్పు అన్నం ఆకుల్లో పెట్టుకుని తాటాకు తడిక చాటున కూర్చున్నారు. డోలు మొదలైంది. ఊరివాళ్లు దూరంగా జరిగిపోయారు, పిల్లల నోళ్లు తల్లులు మూశారు. ఒకతను కుక్కల్ని రాళ్లతో తరుముతున్నాడు. నన్ను కూడా జరగమని సైగ చేశారు. నేను రెండడుగులు జరిగి తడిక పక్కనే నిలబడ్డాను.

నా ఆలోచన ఇది. మాట వినబడితే ముద్ద వదిలెయ్యాలి కదా. ముద్ద వదిలితే నియమం చెడినట్టే. నియమం చెడితే దండ పోయినట్టే. దండ పోతే వీడు నాతో బస్సెక్కుతాడు, కాలు బాగవుతుంది. నాకు ఇందులో ఎక్కడా తప్పు కనబడలేదు. ఇప్పటికీ పొరపాటున నోరు జారిందని చెబితే మీరు నమ్ముతారు. కానీ నేను డోలు ఆగడం కోసం చూస్తూ నిలబడ్డాను.

వాయించేవాడి చేతులు చెమటకు తడిసిపోయాయి. కర్ర చేతిలో జారుతోంది. ఒకసారి ఆపి, అరచేయి పంచెకు తుడుచుకున్నాడు.

“చాలు, లేవరా సత్యం. ఇంటికి పోదాం,” అన్నాను.

తడిక సందులోంచి వాడి చెయ్యి కనబడుతోంది. నోటిదాకా వెళ్లిన ముద్ద ఆగింది. ఆకులోకి దిగింది. వాడు ఇటు చూడలేదు. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే ఆకులు మడిచారు. వాళ్లంతా కూడా ఉన్నారన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆ క్షణంలో నాకు కలిగింది జాలి కాదు, భయం కాదు. గెలిచానన్న సంబరం. ఒళ్లంతా తేలికైంది. మా నాన్న ఎందుకు అలా చేసేవాడో అప్పుడు అర్థమైంది. అంత హాయిగా ఉంటుంది.

పెద్ద భోక్త చేతులు కడుక్కుని నా దగ్గరికొచ్చాడు. కేకలేస్తాడనుకున్నాను.

“అమ్మా, దండ పోదు. అన్నం మాత్రమే పోనాది. మరి రేపే తింటారు,” అని, ఎండలోకి నడిచాడు.

దుమ్ము

మిట్టమధ్యాహ్నం. డోళ్లు మళ్లీ మొదలయ్యాయి. దండ కట్టినవాళ్లంతా వీధిలో, కాలిపోతున్న దుమ్ములో బోర్లా పడుకున్నారు. ఒకడు నాగలి, ఇద్దరు ఎడ్లు, వెనక ఒకడు దున్నేవాడు. విత్తనం చల్లడం, నాటడం, కోత కోయడం, అన్నీ పొట్టల మీద పాకుతూ ఆడతారు. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి వాళ్ల మీద చల్లుతున్నారు. పక్కనున్నావిడ నా చేతికి ఒక చెంబు ఇచ్చింది. అది పట్టుకుని నిలబడ్డాను. ఎక్కడా నీడ లేదు. నాది కూడా నా చెప్పుల కిందికే ముడుచుకుపోయింది.

సత్యం ఎద్దయ్యాడు. పాకుతూ నా ముందునుంచి వెళ్లాడు. పెదవులు దుమ్ముతో తెల్లగా ఉన్నాయి. చెయ్యి వణుకుతోంది. అప్పుడు నాకు మాత్ర గుర్తొచ్చింది. అన్నానికి ముందు వేసుకోవాల్సిన మాత్ర. వేసుకున్నాక అన్నం తిని తీరాలి, లేకపోతే షుగరు పడిపోతుంది. మాత్ర నేనే వేయించాను. అన్నం నేనే తినకుండా చేశాను.

అరిచాను. ఆ డోళ్ల మోతలో నా గొంతు నాకే వినపడలేదు. బడిలో మూడు గదుల అవతలికి వినిపించే గొంతు అది. వాడు ఇంకో నాలుగు మూరలు పాకి, చెంప దుమ్ములో పెట్టి పడుకున్నాడు. ఆటలో భాగమనే అందరూ అనుకున్నారు. నేను చెంబు పారేసి పరిగెత్తి వాడి మీద పడ్డాక గానీ డోళ్లు ఆగలేదు.

పెద్ద భోక్త వేలితో బెల్లం పాకం తీసి వాడి చిగుళ్లకు రాశాడు. ఎవరిదో జీపులో ఎక్కించారు. ఒళ్లో వాడి తల, చల్లటి చెమట. దారంతా నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో గుర్తులేదు.

భంజనగర్ ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించాక కళ్లు తెరిచాడు. డ్యూటీ డాక్టరమ్మ మాత్ర ఎప్పుడు వేసుకున్నాడని అడిగింది, చెప్పాను. అన్నం ఎందుకు తినలేదని అడిగింది. “నియమం,” అన్నాను. ఆవిడ తల పట్టుకుంది. కాలు చూసి, మాట్లాడకుండా బరంపురం పెద్దాసుపత్రికి కాగితం రాసింది.

మళ్లీ బరంపురం

రెండు వేళ్లు తీసేశారు. పుండు ముందునుంచీ ఉన్నదే, మీరు రాకపోయినా ఆ వేళ్లు పోయేవేనని సర్జను అన్నాడు. ఆ మాట పట్టుకుని తెనాలి వెళ్లిపోదామనిపించింది. నిజంగానే టికెట్ల సంగతి కనుక్కున్నాను కూడా.

వార్డులో మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. పార్వతి మందుల కోసం వెళ్లింది. సత్యం పైకప్పు చూస్తున్నాడు.

“పొరపాటున అనలేదురా,” అన్నాను. “డోలు ఎప్పుడాగుతుందా అని కాచుక్కూర్చున్నాను.”

“తెలుసక్కా.”

“ఎలా?”

“ముందు గొంతు సవరించుకున్నావు. నాన్నలాగ. ఆ సప్పుడుకే నా సెయ్యి ఆగిపోనాది. మాట తరవాత ఒచ్చింది.”

నేను గొంతు సవరించుకున్నట్టు నాకు తెలియదు. ఎన్నేళ్లుగా సవరించుకుంటున్నానో, ఎన్ని వందలమంది పిల్లలు ఆ చప్పుడుకు పుస్తకాల్లోకి తలలు దించుకున్నారో. ఏడుపొచ్చింది. ఏడిస్తే వాడే నన్ను ఓదార్చాలి, అదీ అన్యాయమే అనిపించి మింగేశాను.

“ముద్ద దింపేశావు చూడు, అప్పుడు నాకు సంతోషమేసిందిరా,” అన్నాను. ఇది చెప్పకుండా తెనాలి వెళితే నాలో సంబరపడ్డ ఆ మనిషి నాతో దొంగగా వస్తుంది. చెప్పేశాను.

వాడు పైకప్పు మీంచి చూపు దించాడు. తరవాత అన్నాడు. “గ్లాసు ఇసిరే ముందు నాకూ సిటికెడు సేపు ఉండింది. ఇసరకుండా ఉండొచ్చు. తెలిసే ఇసిరినాను. సేతిలోంచి ఎల్లిపోగానే సుకంగా ఉండింది. అది ఎవులికీ సెప్పలేదు, పార్వతికి కూడా. దుమ్ములో పడి మాడ్సేద్దామనుకున్నాను.” కట్టు కట్టిన కాలు చూపించాడు. “ఏళ్లు పోనాయి గాని, అది పోనేదక్కా. ఇక్కడే ఉన్నాది. నర్సు సూది గుచ్చినప్పుడల్లా తెలస్తోంది.”

“నాది కూడా పోదురా. ఇంత వయసొచ్చాక ఎక్కడికి పోతుంది? గొంతులోనే ఉంది.”

“మరేటి సేస్తాం?”

కుర్చీ వేసి కూర్చోబెట్టమన్న ఆవిడ గుర్తొచ్చింది. కుర్చీ వేయడం వరకు బాగానే ఉంది. అది లేచి ఎవరి ముద్ద దగ్గర నిలబడుతుందో కనిపెట్టుకుని ఉండాలి కదా, ఆ సంగతి ఆవిడ చెప్పలేదు.

పణా సంక్రాంతి

ఒడియావాళ్లకు ఆ రోజు కొత్త సంవత్సరం. మనకు ఉగాది పచ్చడిలాగా వాళ్లకు పణా. మారేడు గుజ్జు, బెల్లం, మిరియాలు, పాలు కలిపిన పానకం. వార్డులో ఎవరో ముంతతో తెచ్చి అందరికీ పోశారు. సత్యానికి తప్ప. భంజనగర్ అవతల వాడి జట్టు ఆ రోజే దండ ముగించి ఉంటుంది. వాడు దాని గురించి అడగలేదు, మేమూ ఎత్తలేదు.

మధ్యాహ్నం పార్వతి, హరిణి క్యారేజీ తెచ్చారు. పిల్ల ఆసుపత్రికి రావడం అదే మొదటిసారి. మంచం కాళ్ల వైపు, తలుపుకు దగ్గరగా నిలబడింది. పార్వతి పళ్లెంలో అన్నం, పప్పు పెట్టి వాడి ఒళ్లో ఉంచింది. వాడు ముద్ద కలిపాడు. మేము ముగ్గురం నోరు మూసుకున్నాం. ఎవరూ అనుకోకుండానే అలా జరిగింది. పక్క మంచం వాళ్లు కూడా ఎందుకో ఆగిపోయారు. ముద్ద వాడి చేతిలోనే ఉండిపోయింది.

“ఏటైనా మాటాడక్కా,” అన్నాడు. “ఇలగైతే తినలేను.”

ఇన్నాళ్లూ ఎక్కడెక్కడో వచ్చిన గొంతు ఇక్కడ రాలేదు. నోరు తెరిస్తే ఏది వస్తుందోనని భయం వేసింది. వాడు ముద్ద పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. గొంతు సవరించుకోబోయి ఆపుకున్నాను. కానీ మాట వచ్చింది, పెద్దగానే, అచ్చం మా నాన్న గొంతుతోనే. ఇంకో గొంతు నా దగ్గర లేదు.

“పప్పులో ఉప్పు సరిపోయిందట్రా?”

హరిణి ఉలిక్కిపడి రెండడుగులు తలుపు వైపు వేసింది. అక్కడ ఆగింది. వెళ్లిపోలేదు.

“ఉప్పు నానే ఏసినాను అత్తా,” అంది, గోడ పట్టుకుని.

సత్యం ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. “ఎక్కువైనాది,” అని ఇంకో ముద్ద కలిపాడు.